జమ్మలమడుగు పాప, పులివెందుల బస్సు

దీవెనమ్మకు భయపడటానికి కారణం దొరకని రోజంటూ ఉండేది కాదు. ఒకవేళ దొరక్కపోతే అదీ ఒక భయమే. ఇంత నిమ్మళంగా ఉందంటే ఎక్కడో ఏదో ముంచుకొస్తోందని. జమ్మలమడుగు మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివిన మనిషి. ఆ చదువుతో లోకంలోని మంచి సంగతులన్నీ చదివే తీరిక ఆమెకు ఎప్పుడూ దొరకలేదు గానీ, ప్రమాదాల వార్త కంటబడితే మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివేది. చదివి, మొగుడు ఫిలిప్‌కు చెప్పేది. ఫిలిప్ టైలరు. ఇంటి ముందరి గదిలోనే మిషను. ఆమె చెప్పడం మొదలుపెట్టగానే మిషను కొంచెం గట్టిగా తొక్కేవాడు.

ఇంట్లోకి పెద్ద ఫోను వచ్చాక ఆమె భయాలన్నిటికీ ఒక సొంతిల్లు దొరికినట్టయింది. ఫోను మన మాటలు వింటుందని ఎవరో చెప్పారు. అందుకని ఫోను ఉన్న గదిలో ఎవరి పేరూ ఎత్తేది కాదు. "ఆయమ్మ మొగుడు ఈయమ్మ ఇంటికి వచ్చినాడు" అంటే వినేవాళ్లకు చచ్చినా అర్థం కాదు. ఫోనుకు కన్నుందని తెలిసి దాని కంటికి గాయాలకు వేసే ప్లాస్టరు అంటించింది. ఒకసారి నీళ్లలో పడితే బియ్యం డబ్బాలో పెట్టమన్నారు. అది బతికింది. అప్పట్నుంచి ఫోనుకు ఏ జబ్బు చేసినా బియ్యం డబ్బానే ఆస్పత్రి. కూరగాయల బండి మీద ఫోనుతో డబ్బు కట్టడానికి అంటించిన గళ్ల కాగితాన్ని చూసి, ఇది బైబిల్లో చెప్పిన అంత్యదినాల ముద్ర కాదు గదా అని చర్చిలో అయ్యగారిని నిలదీసింది.

"అమ్మా, అది వంకాయలు కొనడానికి" అన్నాడు అయ్యగారు.

ఆ అయ్యగారి మీద ఆమెకు ఇంకో అనుమానం కూడా ఉంది. కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దాన కార్డులు పళ్లెంలో పెట్టి తెస్తారు. ఎవరి చేతికి ఏది వస్తే ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన మాట అదే. దీవెనమ్మకు దేని గురించీ చింతపడొద్దు, ఏదున్నా నాకు చెప్పుకో అనే మాట వచ్చింది. సంతోషించింది. రెండో ఏడూ అదే వచ్చింది. ఉలిక్కిపడింది. మూడో ఏడు కావాలని పళ్లెం అడుగుకు చెయ్యి పోనిచ్చి, అంచున ఇరుక్కున్నదాన్ని పీకింది. అదే.

"అయ్యగారూ, అన్నీ ఒకటేనా ఏంది?"

ఆయన నాలుగు కార్డులు తిప్పి చూపించాడు. నాలుగూ వేరే. "లేదమ్మా, ఇది నీకే."

ఇట్లాంటి తల్లికి కూతురు రెబెకా. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. పులివెందులలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. బస్సులో రెండు గంటల దారి. రోజూ పోయి రావచ్చు, లేదా అక్కడే హాస్టల్‌లో ఉండొచ్చు. ఆ "లేదా" అనే మాట విన్ననాటి నుంచి దీవెనమ్మకు ముద్ద దిగలేదు. పిల్ల సాయంత్రానికి ఇంటికి రావాలి, తన చేతి కూడు తినాలి, తన కళ్ల ముందర పడుకోవాలి. అంతకుమించి ఆమె ఏమీ కోరలేదు.

మొదటి రోజు పొద్దున, బస్సుకు ముందు, రెబెకా అమ్మను కూర్చోబెట్టి ఫోనులో దారి పటం తెరిచింది.

"మా, ఇట్ల చూడు. ఈ చుక్క నేను. నేను పోతాంటే ఇది పోతాది. ఎనిమిది గంటలు కనపడ్తాది. నీ ఇష్టం వచ్చినంత సేపు చూసుకో. కానీ ఫోన్ మాత్రం చేయగాకు."

"ఒక్కటి గూడానా?"

"ఒక్కటి గూడా. మొదటి రోజే పనిలో ఫోను మోగిందంటే నేను మాట పడాల. ఒక్క ఫోన్ వచ్చినా ఒకటో తారీకు నుంచి హాస్టల్‌కు పోతా."

"మీ నాయన చేస్తే?"

"నాయన చేసినా, పక్కింటి మాబున్ని పిన్ని చేసినా, అయ్యగారు చేసినా నువ్వు చేసినట్టే."

తప్పించుకునే సందులన్నీ పిల్ల ముందే మూసేసింది. ఎవరి పోలికో ఏమో. ఒట్టు పెట్టుకోవడం తప్పని బైబిల్లో ఉంది కాబట్టి దీవెనమ్మ "అవునంటే అవునే" అని మాటిచ్చింది.

బస్సు కదిలింది. చుక్కా కదిలింది. దీవెనమ్మ పొయ్యి దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని చుక్కను చూస్తూ టమోటా ఊరిమిండి పచ్చడి చేయబోయి మాడబెట్టింది. చుక్క ముద్దనూరు చేరితే తనే బస్సు దిగినంత అలిసిపోయింది. ముద్దనూరు దాటింది. ఇంక తొండూరు రావాలి. ఎనిమిదీ పదికి, కొండల నడుమ, చుక్క ఆగిపోయింది.

రెండు నిమిషాలు చూసింది. ఫోనును ఊపింది. గోడకు ఒకసారి మెల్లగా తట్టింది. ఐదు నిమిషాలయింది. ఫోను పట్టుకుని ముందరి గదిలోకి పరుగెత్తింది.

"యోవ్, చుక్క ఆగిపోయింది!"

"ఆడ సిగ్నల్ ఉండదు మే. కొండలు" అన్నాడు ఫిలిప్, సూదిలో దారం ఎక్కిస్తూ.

"నీకెట్ల తెలుసు?"

"పోయిన నెల నేను పోల్యా? గంటసేపు నా ఫోన్ కలవకపోతే నువ్వు ఈడ ఆదరణ కూడిక పెట్టించి, పోయినోళ్లకు చెప్పినట్టు నా గుణగణాలు గూడా చెప్పించబోతివి గదా. ఇంటికొచ్చేసరికి అయ్యగారు నన్ను చూసి అదిరిపడె."

అది నిజమే. కానీ అప్పుడు ఏమీ కాలేదంటే ఇప్పుడూ ఏమీ కాదని ఎక్కడ రాసిపెట్టుంది? దీవెనమ్మ వేలు రెబెకా నంబరు మీదికి పోయింది. హాస్టల్ గుర్తొచ్చింది. వేలు వెనక్కి తీసుకుంది. అప్పుడామెకు గొప్ప ఉపాయం తట్టింది. ఫోన్ చేయకూడదు గానీ ప్రార్థన చేయించకూడదని పిల్ల అనలేదు గదా!

చర్చి స్త్రీల సమాజానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు నూట తొంభై మంది. దీవెనమ్మ గొంతు తగ్గించి, ఫోనులోంచి వినే దొంగలకు వినపడకుండా కొంగు అడ్డం పెట్టుకుని, మాట రికార్డు చేసి పంపింది.

"వందనాలు అక్కలారా. ఒక పాప. పేరు చెప్పగూడదు. జమ్మలమడుగు పాప. పులివెందుల బస్సులో పోతాండాది. బస్సు ఆగిపోయినాది. ఎందుకు ఆగిందో తెలీదు. నాకు శానా భయమైతాంది. ప్రార్థన చేయండి. ఈ మాట ఎవరికీ చెప్పగాకండి, ప్రార్థన చేసేటోళ్లకు తప్ప."

పంపి, పొంగిపోయింది. ఫోన్ చేయలేదు. మాట నిలబెట్టుకుంది. ఏ భూతద్దం పెట్టి చూసినా తన తప్పు లేదు.

ఈ మాట విన్నవాళ్లలో ఆమె వదిన, ఫిలిప్ అక్క రత్నమణి ఒకతె. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి వెనకాల కాపురం. సమాజానికి కార్యదర్శి. గొంతు మెసేజీలు అందరూ వినరని, ప్రతిదాన్నీ చక్కటి తెలుగులో టైపు చేసి నాలుగు ఊళ్లకు పంపేది ఆమే. రత్నమణి అబద్ధాలాడే మనిషి కాదు. కానీ విన్నపంలో కాస్త సెగ లేకపోతే ప్రార్థన ఉడకదని ఆమె నమ్మకం. దీవెనమ్మ "ఆగిపోయిన బస్సు" రత్నమణి చేతిలో "ఆపదలో చిక్కుకున్న బస్సు" అయింది. ఆమె చెయ్యి దాటి పులివెందుల చేరేలోపల ఏమైందో దేవునికే తెలియాలి.

తొమ్మిదిన్నరకు, చుక్క ఇంకా ఆ కొండల్లోనే ఉండగా, పక్కింటి మాబున్ని చేతులకంటిన పిండి కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది.

"దీవెనక్కా! రెబెకా పోయింది పులివెందుల బస్సుకే గదా?"

"ఏమైంది?"

"మా చెల్లెలు లాల్‌బీ పంపించింది, పులివెందుల నుంచి. చర్చోళ్లు ఎవరో ఆమెకు పంపించినారంట." మాబున్ని ఫోను చాపింది.

దీవెనమ్మ కూడబలుక్కుని చదివింది. *పులివెందుల బస్సు బోల్తా. జమ్మలమడుగు పాప పరిస్థితి విషమం. వెంటనే ప్రార్థించండి. పదిమందికి పంపండి.*

"చెప్తి గదా!" అని అరిచింది దీవెనమ్మ. "చెప్తి గదా నేను!"

భయంతోనే అరిచింది, నిజమే. కానీ ఆ అరుపులో ఒక ఆవగింజంత గెలుపు కూడా ఉంది. ఇరవై ఏళ్లుగా భయపడుతున్నా ఒక్కటీ నిజం కాలేదు, ఇదిగో ఇదొక్కటి అయింది. ఆ గెలుపు తన నోట్లోంచి వచ్చిందని తెలిసిన మరుక్షణం ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఏ తల్లయినా ఇట్లా గెలుస్తుందా?

ఫిలిప్ మిషను ఆపేశాడు. "ఫోన్ చెయ్ పాపకు."

"చేస్తే హాస్టల్..."

"ప్రాణం మీదికొస్తే హాస్టల్ ఏంది మే! నేను బస్టాండుకు పోయి అడుగుతా. నువ్వు చెయ్." చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా సైకిలు తీశాడు.

దీవెనమ్మ నంబరు తీసింది. వేలు దాని మీద పెట్టలేకపోయింది. ఇచ్చిన మాట అడ్డొచ్చిందని మాబున్నితో అన్నది గానీ అది కాదు. మోగి, మోగి, ఎవరూ ఎత్తకపోతే? అదీ ఆమె భయం. తను చేయనంతసేపు పిల్ల బతికే ఉంటుంది గదా. చేతిలో ఫోను నిప్పులా ఉంది. ఏం చేయాలో తోచక తీసుకుపోయి బియ్యం డబ్బాలో కూరి, మూత పెట్టి, దాని పక్కనే మోకాళ్ల మీద కూలబడింది. మాబున్ని కూడా పక్కన కూర్చుని కొంగు తలమీదికి లాక్కుని రెండు చేతులూ చాపింది.

మోకాళ్లయితే వేసింది గానీ మాట రాలేదు. కూడికల్లో గడగడా చెప్పే ప్రార్థనలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. అప్పుడు తట్టింది ఆమెకు. పొద్దుట్నుంచి నూట తొంభై మందిని ప్రార్థన చేయమన్నది. తను చేయలేదు. ఒక్క మాట కూడా.

"అయ్యా" అన్నది చివరికి. "ఊరందరికీ చెప్పినా. నీకు చెప్పల్యా. మర్చేపోయినా. పొద్దుట్నుంచి ఆ చుక్కకే మొక్కుతాండా. చుక్కను పట్టుకుంటే నా బిడ్డను పట్టుకున్నట్టే అనుకుంటి. నేను చూడకపోతే ఆ బస్సు పోదనుకుంటి. నా చేతిలో ఏముంది అయ్యా? దానికి జొరమొచ్చినప్పుడు గూడా ఏం ల్యా, ఇప్పుడూ ల్యా. పాప నీది. యాడుందో నాకు తెలీదు, నీకు తెలుసు. నాకు చాతకాదు, నువ్వే చూసుకో."

అంతే. ఇంకేమీ రాలేదు. ఏడుపు కూడా రాలేదు. చాలా ఏళ్లుగా మోస్తున్న నీళ్ల బిందెను ఎవరో చంకలోంచి తీసుకున్నట్టు, మనిషి ఒక పక్కకు తేలికయింది. వంటింట్లో మాడిన ఊరిమిండి వాసన వస్తోందని అప్పుడు తెలిసింది. వీధిలో ఎవరో ఉల్లిగడ్డలు అమ్ముతున్నారు. ఆ కేకా వినపడింది.

ఆ నిమ్మళం సరిగ్గా బియ్యం డబ్బా టింగుమనే దాకా నిలిచింది. టింగుమనగానే మూత ఎటు పోయిందో, బియ్యం ఎటు పోయాయో తెలియదు. మోచేతి దాకా ముంచి ఫోను బయటికి లాగింది. రెబెకా పంపిన గొంతు మెసేజీ.

"మా, చేరినా. కొండల్లో పోయిన నెట్ ఇప్పుడే కలిసింది. బస్సు టైముకే వచ్చింది. పని బాగుంది, మేడమ్ మంచామె. నువ్వు ఫోన్ చేయల్యా చూడు, నాకు శానా సంతోషం మా. ఇంగొకటి. ఎవరో మన జమ్మలమడుగు పాపంట, బస్సు బోల్తా పడిందంట. మా వెనక బస్సేమో. ఈడ చర్చి అక్కలు రొట్టెలు తీసుకోని ఆస్పత్రులన్నీ ఎతుకుతాండారు. మా ల్యాబ్‌కు గూడా వచ్చిరి. నేను గూడా వాళ్లతో నిలబడి ఆ పాప కోసం ప్రార్థన చేసినా. పాపం, వాళ్లమ్మ ఎట్లుందో ఏమో. మన గ్రూపులో పెట్టు మా, అందరూ ప్రార్థన చేస్తారు."

దీవెనమ్మ మూడుసార్లు వింది. విషమంగా ఉన్న పాప గొంతే, విషమంగా ఉన్న పాప కోసం ప్రార్థన చేయమంటోంది.

ముందు అర్థమయింది మాబున్నికి. "అక్కా... ఆ పాప ఈ పాపే గదా?"

"ఊ."

"గ్రూపులో పెట్టిందెవరు?"

"నేనే."

మాబున్ని పిండి చేతులతోనే నోరు మూసుకుంది. ఆగలేదు. గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని, కన్నీళ్లు కారేలా నవ్వింది. "నీ మాట నాలుగూళ్లు తిరిగి బోల్తా పడి నీ ఇంటికే వచ్చింది గదక్కా! నువ్వు గూడా నమ్మితివి!"

అంతలో ఫిలిప్ వచ్చాడు, చెమటలు కక్కుకుంటూ. "ఏ బస్సూ పడలేదంట. పొద్దుట్నుంచి ఈ మాట అడిగినోళ్లల్లో నేను ఏడోవాణ్నంట. ఎవురప్పా ఇది పుట్టించింది అని బస్టాండు ఆఫీసరు మండిపడ్తాండాడు."

మాబున్ని ఇంకా గట్టిగా నవ్వింది. ఎవరు పుట్టించారో దీవెనమ్మ మొగుడికి చెప్పలేదు. తల వంచుకుని చిందిన బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఆయనే అర్థం చేసుకున్నాడు.

ముందు అందరి భయం పోగొట్టాలి గదా అని గ్రూపులో "పాప క్షేమం, వందనాలు" అని రెండు ముక్కలు పెట్టింది. పావుగంటకు రత్నమణి ఫోన్ చేసింది.

"దీవెనా! స్తోత్రం! ఎంత అద్భుతం మే! బస్సు బోల్తా పడినా పాప ఒంటి మీద గీత గూడా పడలేదంట! అప్పుడే నాలుగు ఊళ్లకు పంపించేసినా. విన్నపం పెట్టినదానివి, శుక్రవారం ఉపవాస కూడికలో నువ్వే సాక్ష్యం చెప్పాల. పెద్ద అయ్యగారు గూడా వస్తాండారు."

"వదినా, అది..."

"ఏడ్చగాకు. అందరికీ నువ్వే చెప్పాల. పెట్టేస్తాండా."

దీవెనమ్మ ఫోను పట్టుకుని అట్లాగే కూర్చుంది. ఊరుకుంటే సరిపోతుంది. పాప పేరు బయటికి రాలేదు. రెబెకాకు తెలియదు. పిల్ల సాయంత్రం ఇంటికొస్తుంది, రోజూ వస్తుంది. నిజం చెబితే? ఫోన్ చేయకపోయినా అంతకు వంద రెట్లు పరువు తీసినట్టే. హాస్టల్ ఖాయం.

"ఊరుకుందామా?" అని అడిగింది మొగుణ్ని.

ఫిలిప్ చేతిలోని బట్టను చివరిదాకా కత్తిరించాడు. "దేవుడు చేసినవే శానా ఉండాయి. చేయనివి ఆయప్ప మీద వేసేదెందుకు?" అన్నాడు.

బతుకంతా పనికిమాలిన భయాలే పడిన దీవెనమ్మకు మొదటిసారి పనికొచ్చే భయం వేసింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. గొంతు తగ్గించలేదు. దొంగలు వింటే విననీ అనుకుంది.

"వందనాలు. నేను దీవెనమ్మ, జమ్మలమడుగు. టైలర్ ఫిలిప్ భార్యను. ఆ పాప మా రెబెకా. ఏ బస్సూ పడల్యా. సిగ్నల్ ల్యాక చుక్క ఆగింది, నేను ఆగల్యా. మిమ్మల్నందర్నీ ప్రార్థన చేయమంటి గానీ నేను చేయల్యా. మూడేండ్ల నుంచి దేవుడు నాకొకటే మాట చెప్తాండాడు, నేను కార్డులన్నీ ఒకటేనా అని అడిగినా. అద్భుతం ఏం జరగలేదక్కా. ఊరికే పోయే బస్సు ఊరికే పోయింది. రొట్టెలు తీసుకోని తిరిగే అక్కలారా, నన్ను మన్నించి ఆ రొట్టెలు ఆడ రోగులకు ఇయ్యండి. రత్నమణి వదినా, ఇది టైపు చేయగాకు. ఇట్లనే పంపించు."

పంపాక ఇంక పెద్ద ఫోను జోలికి పోకూడదనుకుంది. ముందు ఆ చుక్క తీసేయాలి. ఎవర్నీ అడగకుండా తనే అక్కడొకటి ఇక్కడొకటి నొక్కింది. ఏదో పోయినట్టే కనిపించింది. బియ్యం డబ్బాలో పెట్టి, మూత పెట్టింది.

సాయంత్రం ఆరున్నరకు రెబెకా వచ్చింది. చెప్పులు విడిచింది, కాళ్లు కడుక్కుంది, అమ్మ ముఖం చూడలేదు.

"బస్సులో నా పక్కనామె స్పీకరు పెట్టి వినింది మా, నీ మాట" అన్నది తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ. "బస్సంతా నవ్వె. నేను కిటికీలోంచి తొండూరు కొండలు చూస్తా కూర్చుంటి."

"పేరు గూడా చెప్పేసినా."

"వింటి గదా."

"హాస్టల్‌కు పోవాలంటే పో పాపా" అన్నది దీవెనమ్మ. "నేను అడ్డం రాను. నువ్వు యాడున్నా చూసేటోడు చూస్తాడు. ఒప్పజెప్పినా పొద్దునే."

రెబెకా తువ్వాలు దించి అమ్మను ఎగాదిగా చూసింది. ఈ మాట అన్నది ఈమేనా అన్నట్టు. "ఫోన్ చేసినావా నువ్వు?"

"ల్యా."

"మాటంటే మాటే. చేయలేదు గదా, ఇంటి నుంచే పోతా. వానలొచ్చి బస్సు కష్టమైతే అప్పుడు చూస్తాం. కానీ ఆ చుక్క మాత్రం ఇంగ పెట్టను."

"నేనే తీసేసినా మధ్యాన్నం."

"నువ్వా?" రెబెకా బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి, దులిపి, చూసింది. చాలాసేపు చూసింది. భుజాలు కదలడం మొదలయ్యాయి. "మా, నువ్వు తీయలేదు. నీ చుక్క పెట్టినావు. గ్రూపులో. పన్నెండు గంటల నుంచి నూట తొంభై మంది నిన్నే చూస్తాండారు."

దీవెనమ్మ పాత అలవాటు చొప్పున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏమంటాండారు?"

రెబెకా చదివింది. "'దీవెనక్క ఇంట్లోనే ఉంది.' 'అక్క ఇంకా ఇంట్లోనే ఉంది.' ఇది రత్నమణి అత్త, 'దీవెనమ్మ మధ్యాహ్నం నుండి కదలటం లేదు. ప్రార్థించండి.'"

ముందరి గదిలో మిషను ఆగింది. ఫిలిప్ నవ్వు వినపడింది. దీవెనమ్మకు కూడా నవ్వొచ్చింది, పక్కింటి మాబున్ని గోడ మీంచి తొంగిచూసేంత నవ్వు. నవ్వి, లేచి, చెంబు తీసుకుని వాకిట్లోకి నడిచింది. కదులుతున్నట్టు కనపడాలి గదా. లేకపోతే వదిన పొద్దుగుంకేలోపల ప్రొద్దుటూరు నుంచి బండి కట్టించుకుని దిగుతుంది.

మర్నాడు పొద్దున బస్సు అదే టైముకు పోయింది. చుక్క లేదు. దీవెనమ్మ డబ్బా పక్కన మోకాళ్లూని, పిల్ల పేరు, బస్సు పేరు, నడిపేవాని మంచిచెడ్డ, అన్నీ పైవానికి వినపడేలా గట్టిగా చెప్పి లేచింది. ఎనిమిదీ పదికి భయం వచ్చింది. రాదని ఆమె అనుకోనూ లేదు. చెయ్యి డబ్బా మూత మీదికి పోయింది. మూత తీసింది. ఫోను అడుగున ఉంది. పైన ఉన్న బియ్యం రెండు పావులు కొలిచి చేటలో పోసుకుని, మూత పెట్టి, రాళ్లు ఏరుతూ కూర్చుంది.